వెబ్‌సైటు తాళం చెవి మీ కొంగునే ఉండాలి!

ఇంట్లో కూర్చొని నాలుగు డబ్బులు సంపాదించుకొనే ఆడవాళ్ళకి ఈ మధ్య ఒక కొత్త సలహా ఊరికే దొరుకుతోంది. జాకెట్లు కుట్టే ఆవిడైనా, మగ్గం వర్కు చేసే ఆవిడైనా, పొడులూ పచ్చళ్ళూ పట్టే ఆవిడైనా సరే, ఎవరో ఒక చుట్టం వచ్చి కాఫీ తాగుతూ, "ఒక వెబ్‌సైటు పెట్టుకోరాదూ?" అనేసి వెళ్ళిపోతారు. అన్నవాళ్ళు హాయిగా బస్సెక్కుతారు. విన్నవాళ్ళకే ఆ రాత్రి నిద్ర పట్టదు. దేంతో పెట్టాలి? ఎంతవుతుంది? ఎవర్ని అడగాలి? ఫోను తీసి వెతికితే ఒకటా రెండా, "నిమిషాల్లో మీ వెబ్‌సైటు!" అంటూ బోలెడన్ని కంపెనీలు. అందరూ ఉచితమనే అంటారు. తిరణాల్లో గాజుల కొట్ల మధ్య నిలబడ్డట్టుంటుంది.

మా ఇంట్లో ఈ వెతుకులాట దాదాపు నెల రోజులు సాగింది. అందులో తెలిసిన సంగతులు మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

మాది కనిగిరి. మెట్ట ప్రాంతం. వాన పడితే కంది, మిరప, పొగాకు. పడకపోతే ఆకాశం కేసి చూడటం. మా నీళ్ళలో ఫ్లోరైడు సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. మా మరిది భార్య ఆరేళ్ళుగా ఇంట్లోనే కారం, పొడులు, పచ్చళ్ళు చేసి అమ్ముతోంది. మొదట్లో ఏదో కాలక్షేపానికి మొదలుపెట్టింది. మిరపలో వరసగా రెండేళ్ళు పెట్టుబడి కూడా తిరిగి రాకపోయేసరికి అదే ఇంటికి ఆధారమైంది. పిల్లాడి పాలిటెక్నిక్ ఫీజు, అత్తగారి మోకాళ్ళ మందులు, అన్నీ ఆ సీసాల్లోంచే రావాలి. హైదరాబాదుకీ బెంగుళూరుకీ ఆర్టీసీ కార్గోలో పంపుతుంది. కందిపొడి, నల్లకారం, పండుమిరప పచ్చడి... చేతి రుచి గురించి నేను చెప్పకూడదు గానీ, ఒకసారి తిన్నవాళ్ళు మళ్ళీ అడుగుతారు.

నాతో అనకముందే తను ఒక పని చేసేసింది. ఒంగోలులో ఒక కుర్రాడు వెబ్‌సైట్లు చేసిపెడతాడంటే ఎనిమిది వేలు కట్టింది. వారం రోజుల్లో సైటు వచ్చింది. చూస్తే అంతా ఇంగ్లీషు. పైన ఎవరివో సీసాలు, ఎవరిదో నవ్వు మొహం. అయినా సంబరమే! ఆ సైటు పేరు వేయించి రెండు వేల స్టిక్కర్లు కొట్టించుకుంది. ఏడాది తిరిగింది. ఒకరోజు బెంగుళూరు నుంచి పాత ఖాతాదారు ఫోన్ చేసి, "మీ సైటు తెరుచుకోవడం లేదు, దుకాణం మానేశారా అండీ?" అని అడిగింది. కుర్రాడికి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. వాకబు చేస్తే తేలిందేమిటంటే, ఆ పేరు అతని ఈమెయిలు మీద, అతని ఫోను నంబరు మీద రిజిస్టరై ఉంది. డబ్బు మనది, పేరు అతనిది! గడువు దాటిపోయింది. ఆ పేరు కావాలంటే అడగడానికి కూడా మనకి హక్కు లేదు. స్టిక్కర్లు పెట్టెలో అలాగే ఉన్నాయి.

"అక్కా, ఈసారి ఎవరికీ ఇవ్వను. మనమే చేసుకుందాం" అంది. హైదరాబాదులో చదువుకుంటున్న మా అమ్మాయి వీడియో కాల్‌లో, మేమిద్దరం మధ్యాహ్నం అంట్లూ అవీ అయ్యాక మా వంటింటి బల్ల దగ్గర. అలా మొదలైంది.

మీరు మొట్టమొదట తెలుసుకోవలసింది సాఫ్ట్‌వేర్ పేరు కాదు. వెబ్‌సైటంటే మూడు వేరువేరు వస్తువులన్న సంగతి. ఒకటి చిరునామా, అంటే డాట్ కామ్ అనో డాట్ ఇన్ అనో చివర ఉండే పేరు. రెండోది స్థలం, మన పేజీలు పెట్టుకొనే కంప్యూటరులో జాగా. మూడోది ఇల్లు కట్టే సామాను, అదే సాఫ్ట్‌వేర్. కంపెనీలు మూడూ కలిపి ఒకే ప్యాకెట్టులో ఇస్తాయి కాబట్టి మనకి ఒకటే వస్తువనిపిస్తుంది. సామాను ఎప్పుడైనా మార్చుకోవచ్చు. స్థలమూ మార్చుకోవచ్చు. పేరు మటుకు ఒకసారి జనం నోట పడ్డాక మార్చుకోలేం. అంచేత పేరు మీరే కొనాలి, మీ ఈమెయిలుతో, మీ ఫోను నంబరుతో. ఓటీపీ మీ ఫోనుకే రావాలి. శ్రీవారి ఫోనుకి వచ్చినా ఫర్వాలేదు లెండి, ఆయన ఊళ్ళో ఉంటే! కొన్నాక, పేరుని వేరే కంపెనీకి బదిలీ చేసుకోవడానికి కోడ్ ఎక్కడ దొరుకుతుందో ఆ పూటే చూసి పెట్టుకోండి. ఆ కోడ్ మీ చేతికి రానివ్వని వాళ్ళ దగ్గర కొనకండి.

ఇక్కడ ఇంకో చిన్న మెలిక ఉంది, తెలుగువాళ్ళకి మాత్రమే వచ్చేది. 'కారం' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాస్తారు? ఒక 'ఎ' పెడితే 'కరం' అవుతుంది, రెండు పెడితే సగం మందికి గుర్తుండదు. 'పచ్చళ్ళు' సంగతి చెప్పనే అక్కర్లేదు. మా ముగ్గురం మూడు రకాలుగా రాశాం. తెలుగు లిపిలోనే '.భారత్' అని చివర వచ్చే చిరునామాలు కూడా ఉన్నాయి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ, ఫోనులో ఇంకా తెలుగు టైపు రాని ఖాతాదార్లు చాలామంది ఉన్నారని వదిలేశాం. చివరికి ఎలా తేల్చామంటే, నాలుగు పేర్లు రాసి, మా అత్తగారి చేత ఫోనులో మా ఆడపడుచుకి ఒక్కొక్కటీ చెప్పించాం. రెండోసారి అడక్కుండా ఆడపడుచు ఏది సరిగ్గా రాసుకుందో అదే పెట్టుకున్నాం.

ఇక సామాను విషయానికి వద్దాం.

అసలు మీకు సైటు అవసరమా అన్నది ముందు ఆలోచించుకోండి. ఊళ్ళో యాభైమంది ఖాతాదార్లుంటే వాట్సాప్ బిజినెస్ చాలు. 2018లో వచ్చిన ఆ యాప్‌లో, మరుసటి ఏడాది నుంచీ కేటలాగు పెట్టుకొనే సదుపాయం కూడా ఉంది. వస్తువు ఫొటో, ధర, రెండు ముక్కలు రాస్తే సరి. పైసా ఖర్చు లేదు. చాలామంది జాకెట్లు కుట్టేవాళ్ళకి అంతకు మించి అక్కర్లేదని నా అభిప్రాయం. మా తోడికోడలికి ఎందుకు కావలసి వచ్చిందంటే, తన సీసా ఎక్కడో అపరిచితుల చేతిలో పడుతోంది. వాళ్ళ దగ్గర తన నంబరుండదు. సీసా మీద పేరు చూసి వెతికితే కనబడాలి.

అవసరమని తేలాక ఎన్నుకోవడం ఎలా? మనం మిక్సీ కొనేటప్పుడు ఏం చూస్తాం? జార్లు ఎన్నున్నాయని మగవాళ్ళు చూస్తారు. బ్లేడు అరిగిపోతే ఊళ్ళో దొరుకుతుందా అని మనం చూస్తాం. ఇక్కడా అంతే. ఎన్ని డిజైన్లున్నాయి, బొమ్మలు ఎలా ఎగురుతున్నాయి అన్నది కాదు. రేపు ఈ కంపెనీ మూతపడితే, లేకపోతే అద్దె పెంచితే, నా సామాను సర్దుకొని నేను వెళ్ళిపోగలనా అన్నది మొదటి ప్రశ్న.

మూతపడుతుందా అని మీరు ఆశ్చర్యపోవచ్చు. పెద్దపెద్దవే పడ్డాయి. 1994లో అమెరికాలో జియోసిటీస్ అని ఒకటి మొదలైంది. ఎవరైనా ఉచితంగా సొంత పేజీ కట్టుకోవచ్చన్నారు. లక్షలాది మంది కట్టుకున్నారు. 1999లో యాహూ దాన్ని కొనుక్కొని, 2009 అక్టోబరులో మూసేసింది. జపానులో మటుకు ఇంకో పదేళ్ళు నడిచింది. దూరపు కథ అనుకుంటే దగ్గరిది వినండి. చిన్న వ్యాపారుల కోసం గూగుల్ 2017లో ఒక ఉచిత సైటు సాధనం తెచ్చింది. మ్యాపులో మన కొట్టు వివరాలుంటే వాటితోనే ఒక పేజీ తయారైపోయేది. 2024 మార్చిలో ఆ పేజీలన్నీ ఆపేశారు. జూన్ 10 దాకా పాత చిరునామా నొక్కినవాళ్ళని మ్యాపులోని వివరాల దగ్గరికి పంపించి, ఆ తరవాత అదీ ఆపేశారు. ఎవరు సొంతంగా పేరు కొనుక్కున్నారో వాళ్ళు అదే పేరుని కొత్త పేజీకి తగిలించుకున్నారు. ఉచితంగా ఇచ్చిన చిరునామానే బోర్డుల మీద రాయించుకున్నవాళ్ళు బోర్డులు చెరిపించుకోవలసి వచ్చింది.

ఈ దృష్టితో చూస్తే గాజుల కొట్లు కొంచెం విడివిడిగా కనబడతాయి. ఇజ్రాయెల్ వాళ్ళ విక్స్ ఉంది, 2006 నుంచీ. ముగ్గు వేసినట్టు బొమ్మని పట్టుకొని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. కొత్తవాళ్ళకి చేతికి తొందరగా అలవాటవుతుంది. కానీ అక్కడ కట్టిన సైటు అక్కడే ఉండాలి, యథాతథంగా మూట కట్టి ఇంకోచోటికి తీసుకెళ్ళే వీలు లేదు. ఉచిత పథకంలో వాళ్ళ ప్రకటన మన నెత్తి మీద ఉంటుంది, సొంత పేరు తగిలించుకోవాలంటే డబ్బు కట్టాలి. కెనడా వాళ్ళ షాపిఫై అచ్చంగా దుకాణాల కోసమే. బుట్ట, బిల్లు, సరుకు లెక్క అన్నీ ఉంటాయి. నెలనెలా అద్దె ఉంటుంది. రోజుకి పాతిక ఆర్డర్లు వచ్చేవాళ్ళకి బాగుంటుంది. నెలకి ముప్ఫై సీసాలు అమ్మేవాళ్ళకి మొగుణ్ణి మించిన ఖర్చు. మన పక్క రాష్ట్రం చెన్నై కంపెనీ జోహోకి కూడా సైట్లు కట్టే సాధనముంది.

వర్డ్‌ప్రెస్ అన్నది మీరు వినే ఉంటారు. 2003లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్. ప్రపంచంలోని సైట్లలో చాలా భాగం దాని మీదే నడుస్తున్నాయి. తెలుగులో మెనూలు కూడా ఉన్నాయి. అయితే దీనికి రెండు వాకిళ్ళున్నాయి, కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే. డాట్ కామ్ అని ఉన్నది ఒక కంపెనీ నడిపే చోటు. గది అద్దెకి తీసుకున్నట్టు, ఊడ్చే పనీ తుడిచే పనీ వాళ్ళదే. డాట్ ఆర్గ్ అని ఉన్నచోట సాఫ్ట్‌వేర్ ఉచితంగా దించుకొని మనం కొనుక్కున్న స్థలంలో పెట్టుకుంటాం. అది సొంతిల్లు. సొంతింట్లో కుళాయి కారితే మనమే చూసుకోవాలి కదా! ఎప్పటికప్పుడు కొత్త అప్‌డేట్లు వేసుకోవాలి, నకలు తీసి దాచుకోవాలి. ఆర్నెల్లు పట్టించుకోకపోతే దొంగలు దూరతారు. రెండిట్లోంచీ మన రాతలన్నీ ఒక ఫైలుగా బయటికి తీసుకోవచ్చు. అది దాని గొప్పతనం.

ఇక బ్లాగర్. 1999లో పుట్టింది, 2003లో గూగుల్ కొనుక్కుంది. కుర్రకారు దీన్ని పాతకాలపుదని నవ్వుతారు. మనకేం? ఇనప మూకుడు పాతదే, అట్టు మాత్రం అంటుకోదు. స్థలానికి అద్దె లేదు. మనం కొనుక్కున్న పేరు తగిలించుకోవడానికి కూడా వాళ్ళేమీ తీసుకోరు. రాసినవన్నీ నకలు తీసుకోవచ్చు, రేపు వర్డ్‌ప్రెస్‌కి మారాలంటే అక్కడికి దించుకొనే సాధనమూ ఉంది. జ్యోతి వలబోజు గారిలాంటి గృహిణులు తెలుగులో బ్లాగులు రాయడం మొదలుపెట్టింది దీని మీదే. బుట్ట, బిల్లు మటుకు దీంట్లో లేవు.

ఆ లోటు గురించి మేం రెండు రోజులు ఆలోచించాం. చివరికి మా తోడికోడలే అంది: "అక్కా, నా దగ్గర కొనేవాళ్ళెవరూ అడక్కుండా కొనరు. నూనె ఏం వాడారు, వెల్లుల్లి ఉందా, పిల్లలు తినగలరా అని అడిగాకే కొంటారు. బుట్ట పెట్టినా ఫోన్ చేస్తారు." నిజమే. అందుకని ప్రతి వస్తువు కిందా ఒక వాట్సాప్ లింకు పెట్టాం. నొక్కితే నేరుగా తనకి మెసేజి వస్తుంది. డబ్బు యూపీఐలో. సైటుకయ్యే ఖర్చల్లా పేరుకి ఏడాదికోసారి కట్టే డబ్బే. అన్నట్టు, పేరు కొనేటప్పుడు మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకండి. చీరల కొట్టు ఆషాఢం డిస్కౌంటులాంటిది అది. రెండో ఏడాది నుంచి ఎంతో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, దాన్ని చదివి మరీ కొనండి.

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా, డబ్బు కట్టకముందే తెలుగు పరీక్ష పెట్టండి. ఒక ఖాళీ పేజీలో 'స్త్రీ', 'లక్ష్మి', 'జ్ఞానం', 'స్వచ్ఛమైన' అని టైపు చేసి, వేరేవాళ్ళ ఫోనులో తెరిచి చూడండి. కొన్ని డిజైన్లలో ఇంగ్లీషు అందంగా ఉంటుంది గానీ తెలుగు ఒత్తులు పై వరస తోకలతో గుద్దుకుంటాయి. వరసల మధ్య ఎడం పెంచుకొనే వీలుండాలి. తెలుగు ఫాంటు ఎంచుకొనే వీలుంటే మరీ మంచిది. సిలికానాంధ్ర వారు విడుదల చేసిన మండలి, సూరన్న, రామభద్ర వంటివి ఉచితంగా దొరుకుతాయి. ఇంకో సంగతి. మా తోడికోడలు తన స్టిక్కర్ల మీద మాటలు ప్రింటింగు ప్రెస్సు నుంచి ఫైలుగా తెచ్చి సైటులో అతికిస్తే, తెలుగు బదులు చుక్కలూ గీతలూ వచ్చాయి. ప్రెస్సుల్లో ఇప్పటికీ చాలామంది అను ఫాంటుల్లో కొడతారు. నెట్టులో కావలసింది యూనికోడ్. ఫోనులో మీరు మామూలుగా కొట్టే తెలుగే యూనికోడ్, కాబట్టి మళ్ళీ ఫోనులోనే టైపు చేసుకోవడం సులువు. మాటలన్నిటినీ ఒక బొమ్మగా చేసి పెట్టేస్తే చూడటానికి ఒకటే గానీ, వెతికేవాళ్ళకి ఆ మాటలు సరిగ్గా దొరకవు.

ఫొటోల గురించి ఒక్క మాట. ఫోనులో తీసిన ఫొటో ఉన్నదున్నట్టు ఎక్కిస్తే పల్లెటూళ్ళో సైటు తెరుచుకొనేసరికి అన్నం ఉడుకుతుంది. చిన్నది చేసి ఎక్కించండి. కిటికీ పక్కన, మధ్యాహ్నం వెలుతురులో, మీ సీసానే తియ్యండి. ఎక్కడి నుంచో తెచ్చిన సీసా బొమ్మ వద్దు.

"ఈ వయసులో ఇదంతా నావల్ల ఏమవుతుంది?" అనే వాళ్ళుంటారు. మా తోడికోడలూ అంది. అప్పుడు మా అమ్మాయి నిడదవోలు మాలతి గారి సంగతి చెప్పింది. 1937లో పుట్టిన కథా రచయిత్రి. తిరుపతిలో లైబ్రేరియనుగా పనిచేసి అమెరికా వెళ్ళారు. 2001లో, అంటే అరవై దాటాక, తెలుగు కథల్ని ఇంగ్లీషులో చదివించడానికి 'తూలిక' అని సైటు పెట్టారు. అప్పటికి వర్డ్‌ప్రెస్ ఇంకా పుట్టనే లేదు. తరవాత వర్డ్‌ప్రెస్ మీద 'తెలుగు తూలిక' అని తెలుగులోనూ రాశారు. అది విన్నాక మా తోడికోడలు ఇంకేమీ మాట్లాడకుండా ఫోను ముందుకి లాక్కుంది.

మొత్తం అయిదు పేజీలు. మొదటి పేజీలో తన గురించి నాలుగు ముక్కలు, ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు. ఒక పేజీలో పొడులు, ఒక పేజీలో పచ్చళ్ళు. ఏ మిరపకాయ వాడిందో, ఎన్నాళ్ళు నిలవుంటుందో, ఎంత బరువో రాసింది. ఇంకో పేజీలో పంపే పద్ధతి, సీసా పగిలితే ఏం చేస్తుందో. చివరిదాంట్లో ఫోను నంబరు. పేరు గడువు తీరే తేదీని వంటింటి క్యాలెండరులో, గ్యాసు బుక్ చేసిన తేదీల పక్కన రాసి పెట్టాం. ఖాతా, పాస్‌వర్డు ఒక నోటు పుస్తకంలో రాసి బీరువాలో పెట్టింది. నెలకోసారి నకలు తీసి మా అమ్మాయికి పంపుతుంది. ఆ పాత స్టిక్కర్ల మీద సైటు పేరున్న చోట కొత్త పేరు చీటీ అంటించుకుంటూ, రోజుకి కాసిని చొప్పున వాడేస్తోంది.

ఆర్డర్లు కట్టలు తెంచుకొని రాలేదు. మొదటి నెలలో ముఖం తెలియనివాళ్ళ నుంచి వచ్చినవి ఏడు. ఒకటి విశాఖపట్నం నుంచి, కందిపొడి అరకిలో. వాళ్ళు సీసా మీద చూసి కాదు, నెట్టులో "నల్లకారం" అని తెలుగులో వెతికి వచ్చామని రాశారు.

మొన్న రాత్రి పదింటికి సైటు తెరిచి చూస్తే పచ్చళ్ళ పేజీలో ఒక కొత్త వాక్యం కనబడింది. మమ్మల్నెవర్నీ అడగకుండా తనే ఫోనులోంచి పెట్టింది: "పండుమిరప పచ్చడి అయిపోయింది. మళ్ళీ సంక్రాంతి దాటాకే. ముందుగా చెబితే మీ పేరు రాసుకుంటాను."